మెడ డిస్క్ విషయంలో దేనికి భయపడాలి?

మెడలో డిస్క్ బయటికొచ్చిందని తెలియగానే ఎవరైనా అడిగేవి రెండే ప్రశ్నలు. నొప్పి ఎప్పుడు తగ్గుతుంది, ఆపరేషన్ తప్పదా అని. రెండూ న్యాయమైనవే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: ఒత్తుకుపోతున్నది చేతికి వెళ్లే నరమా, వెన్నుపామా? ఆ సంగతి తేలితే మిగతా ప్రశ్నలకు జవాబులు చాలావరకు దొరుకుతాయి. తేలకపోతే గండం లేని చోట హడావిడి పడి, గండం ఉన్న చోట విటమిన్ మాత్రలతో కాలక్షేపం చేస్తాం.

మా ఇంట్లో ఈ రెండు రకాల మెడలూ ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి మా బాబాయిది. నాది నానా యాగీ చేసి తగ్గిపోయింది. ఆయనది చప్పుడు లేకుండా వచ్చి కాళ్ల దాకా పాకింది. ఆ రెంటినీ దగ్గర్నుంచి చూశాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ జబ్బు తీవ్రతను నొప్పితో కొలవడం తప్పు. స్కాన్ రిపోర్టులోని మాటలతో కొలవడం ఇంకా తప్పు. నేను డాక్టర్ని కాను. అయినా ఈ మాట గట్టిగానే చెప్పదలుచుకున్నాను, ఎందుకంటే డాక్టర్లు గదిలో రెండు నిమిషాల్లో చెప్పేసే ఈ తేడాను ఇంటికొచ్చాక అందరం మర్చిపోతాం.

ముందు కొంచెం లోపలి నిర్మాణం. మెడలో పూసలు 7. వాటి దగ్గర్నుంచి బయటికొచ్చే నరాలు మాత్రం ఒక్కోవైపు 8, ఎందుకంటే మొదటి నరం మొదటి పూసకు పైనుంచే బయల్దేరుతుంది. పూసలనూ నరాలనూ పైనుంచి వరసగా సీ1, సీ2 అంటూ పిలుస్తారు. రిపోర్టు చదివేవాళ్లు తికమకపడేది ఇక్కడే. సీ6, సీ7 పూసల మధ్య డిస్క్ ఉబ్బితే నలిగేది సీ7 నరం. సీ5-సీ6 మధ్యదైతే సీ6 నరం. మొదటి రెండు పూసల మధ్య అసలు డిస్కే ఉండదు. తల అటూ ఇటూ తిప్పడంలో దాదాపు సగం కదలిక ఆ జాయింట్‌దే. డిస్కులు ఎక్కువగా పాడయ్యేది కింది వరసలో, సీ5-సీ6, సీ6-సీ7 దగ్గర.

డిస్క్ అంటే చుట్టూ గట్టి నార పొరలు, లోపల మెత్తటి గుజ్జు. పెద్దయ్యాక దాని లోపలి భాగానికి రక్తనాళాలు ఉండవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరే పోషకాలతోనే అది బతకాలి. అందుకే పొర ఒకసారి చిట్లితే త్వరగా అతుక్కోదు. గుజ్జు తోసుకొచ్చినప్పుడు అది ఎటు వచ్చిందన్న దాన్నిబట్టి మన రాత మారుతుంది. పక్కకొస్తే నరం నలుగుతుంది. నడిమికి వస్తే వెన్నుపాము. మెడలో వెన్నుపాము ఉండే కాలువ ముందునుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లుంటుంది. వెన్నుపామే 8 నుంచి 10 దాకా తీసుకుంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ కాలువ 13 కంటే తక్కువ. అలాంటివాళ్లకు చిన్న ఉబ్బు కూడా పెద్ద తంటా.

నాది పక్కకొచ్చిన రకం. విచిత్రమేమిటంటే మెడ పెద్దగా నొప్పి పుట్టలేదు. ముందు ఎడమ రెక్క ఎముక లోపలి అంచున ఒకచోట పోటు మొదలైంది. పడుకున్న తీరు బాలేదేమో అనుకుని దిండు మార్చాను, నూనె రాయించాను. కొన్నాళ్లకు ఆ పోటు చేతి వెనకవైపు నుంచి మోచేయి దాటి మధ్యవేలిదాకా దిగింది. తల పైకెత్తినా, ఎడమకు వాల్చినా జివ్వుమని కరెంటు. వెల్లకిలా పడుకుంటే నరకం. చెయ్యి తీసి నెత్తిమీద పెట్టుకుంటే మాత్రం కాస్త హాయి. రాత్రిళ్లు అలాగే కుర్చీలో కూర్చుని కునికేవాణ్ణి. నెత్తిన చెయ్యి పెట్టుకుని డాక్టర్ గదిలోకి వచ్చే మనిషిని చూస్తే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుందట. చెయ్యి పైకెత్తితే నరం మీద లాగుడు తగ్గుతుంది, అందుకే ఆ హాయి.

నేను చూపించుకున్న న్యూరాలజిస్ట్ నా చేతిలోని ఎమ్మారై కవరును బల్ల మీద పెట్టించి, "అది తర్వాత. ముందు చెయ్యి చూద్దాం" అన్నారు. మోచేయి మడిపించి, నన్ను తొయ్యమని ఆయన అడ్డుపెట్టారు. కుడి చేతిని ఆపలేకపోయారు. ఎడమ చేతిని రెండు వేళ్లతో ఆపేశారు. నాకు ముచ్చెమటలు పోశాయి. అంత బలం తగ్గినట్టు అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. దానికి కారణం కూడా ఆయనే చెప్పారు. సీ7 నరం ముఖ్యంగా నడిపేది మోచేతిని చాపే ట్రైసెప్స్ కండరాన్ని. మామూలు పనుల్లో చెయ్యి తన బరువుకు తనే చాపుకుంటుంది కాబట్టి ఆ కండరం నీరసించినా పట్టుబడదు. బరువైన తలుపు తోసినప్పుడో, కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచినప్పుడో మాత్రమే బయటపడుతుంది.

తర్వాత రబ్బరు సుత్తి. మోచేయి వెనక పైభాగాన తడితే కుడి చెయ్యి ఎగిరింది, ఎడమది ఉలకలేదు పలకలేదు. సూదిమొనతో గుచ్చితే మధ్యవేలు మీద మొద్దుగా తెలిసింది. సీ6 అయితే బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారతాయి, మణికట్టు పైకెత్తడం కష్టమవుతుంది. సీ8 అయితే చిటికెనవేలు, ఉంగరపువేలు, గుప్పిట పట్టు. సీ5 అయితే వేళ్లు బాగానే ఉంటాయి గానీ భుజం పక్కకు లేవదు. వేళ్లను చూసి ఏ పూసల మధ్య గొడవో చాలావరకు చెప్పేయొచ్చు.

అంతా అయ్యాక ఆయన నన్ను పడుకోబెట్టి మోకాళ్ల మీద సుత్తితో తట్టారు, అరికాళ్లు గీశారు, లేపి మడమకు వేలు ఆనించి ఒకే గీత మీద నడవమన్నారు. చెయ్యి నొప్పని వస్తే కాళ్లతో పనేమిటండీ అన్నాను.

"నేను అసలు చూడాల్సింది వాటినేనండి" అన్నారాయన.

ఆ మాట అర్థం కావడానికి సుత్తి చెప్పే భాష కొంత తెలియాలి. చేతికి వెళ్లే నరం నలిగితే, ఆ నరం ఏలే కండరం సుత్తికి జవాబివ్వదు. అదే వెన్నుపాము నలిగితే కథ తిరగబడుతుంది. నలిగిన చోటు నుంచి కిందికి ఉన్నవన్నీ అతిగా జవాబిస్తాయి. మోకాలు కొంచెం తడితే కాలు ఎగిరి తంతుంది. అరికాలు గీస్తే బొటనవేలు కిందికి మడవాల్సింది పోయి పైకి లేస్తుంది, 1896లో ఫ్రెంచ్ వైద్యుడు బాబిన్‌స్కీ చెప్పిన గుర్తు అది. మెదడు నుంచి కిందికి వచ్చే అదుపు తెగితే కింది అంచెలు తమ ఇష్టారాజ్యం చేస్తాయన్నమాట. మధ్యవేలి గోరును చిటుక్కున మీటితే బొటనవేలు దానంతటది ముడుచుకోవడం కూడా అలాంటిదే. దాన్ని హాఫ్‌మన్ గుర్తు అంటారు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. సీ5-సీ6 దగ్గర వెన్నుపాము నలిగినవాళ్లకు మణికట్టు పైన, బొటనవేలి వైపు ఎముక మీద తడితే మోచేయి మడవాలి కదా, అది మడవదు. దాని బదులు వేళ్లు ముడుచుకుంటాయి. ఆ మట్టంలో జవాబు చచ్చిపోయి, దాని కింది మట్టంలో అతిగా రేగిందని ఒక్క దెబ్బకు తెలిసిపోతుంది. ఏ యంత్రమూ అక్కర్లేదు.

నా కాళ్లు సవ్యంగా ఉన్నాయి. అంటే నొప్పి ఎంత ఘోరంగా ఉన్నా వెన్నుపాము క్షేమం. ఆ తర్వాతే ఆయన కవరు విప్పారు.

ఇక స్కాన్ సంగతి. నా రిపోర్టులో నాలుగు మట్టాల్లో ఉబ్బులు, ఎముక ముళ్లు, 'నిటారైన మెడ వంపు', ఇంకా ఏవేవో రాశారు. చదివితే ఆ మెడ మీద తల ఎలా నిలబడిందో అనిపిస్తుంది. చెయ్యికి సంబంధించింది అందులో ఒకే ఒక్క వాక్యం. మిగతా జాబితా వయసొచ్చిన ఏ మెడకైనా సరిపోతుంది. ఇది నా చమత్కారం కాదు. 1990లో బోడెన్ బృందం మెడ బాధ ఎరగని 63 మందికి ఎమ్మారై తీస్తే 19 శాతం మందిలో తేడాలు కనిపించాయి. 40 దాటినవాళ్లలో అది 28 శాతం. 2015లో జపాన్ పరిశోధకులు 1,211 మంది ఆరోగ్యవంతుల మెడలు స్కాన్ చేసి చూస్తే 87.6 శాతం మందిలో డిస్కులు ఉబ్బి ఉన్నాయి. ఇరవైల్లో ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి ఉన్నాయి. వెన్నుపాము ఒత్తుకున్నట్టు కనబడ్డవాళ్లే 5.3 శాతం, వాళ్లకూ ఏ లక్షణాలూ లేవు.

అలాంటప్పుడు 'డిస్క్ బల్జ్' అన్న ముక్క చదివి మనిషి కుదేలైపోవడంలో అర్థముందా? నా ఫిర్యాదు స్కాన్ మీద కాదు. ఎక్కడ కొయ్యాలో తెలియడానికి అది కావాలి, కణితి గానీ చీము గానీ ఉంటే పట్టేదీ అదే. పరీక్ష చెయ్యకుండా స్కాన్ రాసి, రిపోర్టు చూసి వైద్యం మొదలుపెట్టే పద్ధతి మీదే నా కోపం. ఈయన కంటే ముందు వేరేచోట చూపించుకున్నప్పుడు నా చొక్కా చేయి కూడా మడవకుండానే ఎమ్మారై రాసిచ్చారు. రిపోర్టు వచ్చాక అందులోని నాలుగు మట్టాలనూ వేలితో చూపించి, అన్నీ సరిచెయ్యాలన్నారు. చేతిలో ఏ కండరం తగ్గిందో అక్కడ ఎవరూ చూడలేదు.

నొప్పి ఎందుకు తగ్గుతుందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే తగ్గేదాకా ఆగే ధైర్యం రాదు. మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు 1934లో వెన్నులో చిట్లిన డిస్కుల గురించి రాసేవరకు, ఆపరేషన్లలో దొరికే ఆ ముక్కల్ని గడ్డలనే అనుకునేవాళ్లు. వాళ్లు రాశాక 'డిస్క్ నొక్కుతోంది, తీసేస్తే పోతుంది' అన్న ఆలోచన పాతుకుపోయింది. అది సగమే నిజం. 1993లో స్వీడన్‌లో ఓల్మార్కర్ బృందం పందుల మీద ఒక ప్రయోగం చేసింది. డిస్క్ లోపలి గుజ్జును తీసి, ఏ ఒత్తిడీ లేకుండా నరం మొదళ్ల మీద ఊరికే ఉంచారు. నొక్కకపోయినా ఆ నరాల వేగం పడిపోయింది, లోపల దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. అంటే ఆ గుజ్జు రసాయనికంగా కూడా నరాన్ని రేపుతుంది. నొప్పిలో పెద్ద వాటా ఆ వాపుదే. వాపు చల్లారితే, డిస్క్ ఉన్నచోటే ఉన్నా నొప్పి దిగుతుంది.

పైగా డిస్క్ ఉన్నచోటే ఉండదు కూడా. తెగి బయటపడ్డ ముక్కను మన ఒళ్లు పరాయి వస్తువుగా చూసి, కొత్త రక్తనాళాలను పంపి, తెల్లకణాలతో మెల్లగా తినిపించేస్తుంది. ఇందులో తమాషా ఏమిటంటే కొంచెం ఉబ్బిన డిస్క్ కంటే పూర్తిగా తెగి బయటపడ్డ పెద్ద ముక్కే ఎక్కువగా కరుగుతుంది. రిపోర్టులో భయంకరంగా కనిపించేదే ముందు మాయమవుతుందన్నమాట.

అమెరికాలోని రాచెస్టర్‌లో 1976 నుంచి 1990 దాకా మెడ నరం నలిగిన 561 మందిని లెక్కలోకి తీసుకున్న పరిశోధన ఒకటుంది. వాళ్లలో బరువెత్తడమో దెబ్బ తగలడమో కారణమని చెప్పినవాళ్లు 15 శాతమే. నాలుగోవంతు మందికి ఆపరేషన్ అయింది. చివరిసారి చూసేటప్పటికి 90 శాతం మందికి బాధ లేదు, లేదా నామమాత్రంగా ఉంది. అయితే మూడోవంతు మందికి మధ్యలో మళ్లీ తిరగబెట్టింది. దాన్ని దాచిపెట్టి అంతా శుభమేనని చెప్పడం నాకిష్టం లేదు.

నాకు మొదటి వారాల్లో మెత్తటి కాదు, కాస్త గట్టి కాలరే పెట్టారు. తర్వాత తీసేసి ఫిజియోథెరపీకి పంపారు. కాలర్ పెడితే కండరాలు చచ్చిపోతాయని ఇంట్లో ఒకటే గోల. నెలల తరబడి పెడితే నిజమే. కానీ 2009లో నెదర్లాండ్స్‌లో 205 మంది మీద చేసిన పరీక్షలో, కొత్తగా మొదలైన చేతి నొప్పికి కొన్ని వారాలు కాలర్ పెట్టుకున్నవాళ్లకూ, ఫిజియో చేయించుకున్నవాళ్లకూ ఊరికే ఉన్నవాళ్లకంటే త్వరగా నొప్పి తగ్గింది. ఆరు నెలలయ్యేసరికి మూడు గుంపులూ ఒకటే. 1997లో స్వీడన్‌లో 81 మంది మీద ఆపరేషన్‌నీ, ఫిజియోనీ, కాలర్‌నీ పోల్చారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ముందు కోలుకున్నారు, ఏడాది తిరిగేసరికి తేడా లేదు. ఇవన్నీ వెన్నుపాముకు ముప్పు లేని మెడల లెక్కలు. ఆ ఒక్క షరతు తీసేస్తే ఈ ధైర్యం మొత్తం పనికిరాదు. మెడలో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి ఒక్కమాట: కొందరికి ఉపశమనం ఇస్తాయి. కానీ అరుదుగా పక్షవాతం, చూపు పోవడం లాంటి తీవ్ర ప్రమాదాలు జరుగుతున్నాయని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఊరికే ఒకటి పొడిపించుకునే వ్యవహారం కాదది.

ఇప్పుడు మా బాబాయి.

ఆయనకు నొప్పి లేదు. ఎప్పుడైనా మెడ పట్టేసినట్టుంటుందనేవాడు, అంతే. నేను మొదట గమనించింది ఆయన గుండీలు పెట్టుకోవడం. వేళ్లు గుండీని పట్టుకుంటాయి, కాజాలోకి తోస్తాయి, మళ్లీ వెనక్కొస్తుంది. కళ్లతో చూస్తేనే గుండీ దొరికేది. పై గుండీ కనబడదు కాబట్టి అద్దం ముందుకు వెళ్లేవాడు. సంతకం వంకరపోయిందని బ్యాంకువాళ్లు ఫోన్ చేశారు. చిల్లర ఏరుకోలేక పర్సు బోర్లించేవాడు.

"చేతులేమైనా తేడాగా ఉన్నాయా బాబాయ్?" అంటే, "వయసురా, ఏముంది" అనేవాడు.

ఒకచోట మణికట్టు దగ్గర నరం బిగుసుకుందన్నారు, పట్టీ ఇచ్చారు. ఇంకోచోట బీ12 తక్కువన్నారు, సూదులు వేశారు. రెండూ అసంబద్ధమేమీ కాదు. మణికట్టు నరం తిమ్మిరి చాలామందికి ఉంటుంది. బీ12 లోపం నిజంగానే వెన్నుపామును దెబ్బతీస్తుంది. కానీ మణికట్టు జబ్బు చిటికెనవేలిని తాకదు, రాత్రి నిద్రలేపుతుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. ఈయనకు పది వేళ్లూ మొద్దుగా ఉన్నాయి, నిద్రకేమీ ఇబ్బంది లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మణికట్టు జబ్బుకు కాళ్లు తడబడవు.

కాళ్లు తడబడుతున్నాయని ఆయన చెప్పలేదు, పిన్ని చెప్పింది. మెట్లు దిగేటప్పుడు కమ్మీ వదలడంలేదట. రాత్రి లైటు వెయ్యకుండా లేస్తే గోడ పట్టుకుంటున్నాడట. ఇది కూడా లెక్క ప్రకారమే. పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే దారి వెన్నుపాము వెనకభాగంలో ఉంటుంది. అది పాడైతే కళ్లు ఆ లోటును భర్తీ చేస్తుంటాయి. చీకట్లో ఆ సాయం పోతుంది. మూత్రం వస్తే ఆపుకోలేకపోవడం కూడా మొదలైంది గానీ అది ప్రోస్టేట్ ఖాతాలో పడిపోయింది. తల ముందుకు వంచితే వెన్నులో కరెంటు దిగినట్టుందని ఒకసారి అన్నాడు. లెర్మీట్ గుర్తంటారు దాన్ని. వెన్నుపాము రేగిందని దానర్థం.

ఈ లక్షణాల్లో ఒక్కటీ 'నొప్పి' కాదు. అసలు చిక్కంతా అదే. మనం డాక్టర్ దగ్గరికి నొప్పి తీసుకెళ్తాం. గుండీల బాధ తీసుకెళ్లం. గుండీ చొక్కా మానేసి టీషర్టు వేసుకుంటాం. మా బాబాయి అచ్చంగా అదే చేశాడు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో వెన్నుపాము ఒత్తిడి ఉన్నవాళ్లకు మొదటి లక్షణం నుంచి జబ్బు తేలేసరికి సగటున 2.2 ఏళ్లు పట్టింది. అందులో నలభై శాతానికి పైగా ముందు మణికట్టు జబ్బనిపించుకున్నవాళ్లే. 55 దాటినవాళ్లలో వెన్నుపాము దెబ్బతినడానికి ఎక్కువగా కనిపించే కారణమే ఇదైనప్పుడు, ఇంత ఆలస్యం ఎలా ఒప్పుకుంటాం?

నిజానికి దీన్ని అనుమానించడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. గుప్పిట గట్టిగా మూసి పూర్తిగా తెరవడం పది సెకన్లలో ఎన్నిసార్లు చెయ్యగలరో లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది. మామూలు మనిషి 20 లేదా అంతకుమించి చేస్తాడు. బాబాయి అందులో సగం దగ్గరే ఆగిపోయాడు, తెరిచిన ప్రతిసారీ చిటికెనవేలు పక్కకు జారిపోతూ ఉంది. వెన్నుపాము దెబ్బతిన్న చేతిలో చివరి వేళ్లు దగ్గరికి చేరి నిలబడలేవు, అది కూడా ఒక పేరున్న గుర్తే. దీన్నిబట్టి ఇంట్లోనే తీర్పు ఇచ్చుకోమని నేననను, కీళ్లవాతం ఉన్నా వేళ్లు నెమ్మదిస్తాయి. కానీ డాక్టర్‌కు చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది. 'నీరసంగా ఉందండీ' కంటే 'గుండీలు పెట్టుకోలేకపోతున్నాను, మెట్లు దిగలేకపోతున్నాను' అన్నది వెయ్యిరెట్లు పనికొచ్చే మాట.

ప్రతిదీ మెడ మీదకే తొయ్యడం కూడా మంచిది కాదని ఇక్కడే చెప్పాలి. మాట తడబడటం, నోరు వంకరపోవడం, ముఖం ఒకవైపు తిమ్మిరెక్కడం మెడ డిస్క్ చేసే పనులు కావు, అవి మెదడు వైపు వేలు చూపిస్తాయి. ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడితే గుండె సంగతి ముందు చూడాలి. తిమ్మిరేమీ లేకుండా కండ మాత్రం కరిగిపోతూ, చర్మం కింద అదురుతూ ఉంటే అది వేరే నరాల జబ్బు కావచ్చు. ఫోన్ వంచి చూడటం వల్లే అందరి డిస్కులూ పోతున్నాయన్న ప్రచారం మాత్రం నాకు అతిగా అనిపిస్తుంది. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందని తిరిగే ఆ బొమ్మ 2014 నాటి ఒక కంప్యూటర్ లెక్క నుంచి వచ్చింది. అది బరువు లెక్కే తప్ప, ఎవరి డిస్కో చిట్లిందని తేల్చిన పరీక్ష కాదు. మెడ పట్టేస్తే ఫోన్ పక్కన పెట్టండి, దానికి నా అభ్యంతరం లేదు.

వెన్నుపాము ఒత్తుకున్నవాళ్లు నిజంగా జాగ్రత్తపడాల్సింది పడిపోవడం దగ్గర. మెడ వెనక్కి వంగినప్పుడు ఆ కాలువ ఇంకా ఇరుకవుతుంది, పూసలను కట్టి ఉంచే వెనకనున్న లిగమెంట్ కూడా ముడతపడి లోపలికి వస్తుంది. అప్పటికే చోటు లేని వెన్నుపాముకు చిన్న తూలుడే పెద్ద దెబ్బ. ఎముక విరగకపోయినా రెండు చేతులూ పడిపోయే ప్రమాదముంది. మెడ పట్టుకుని టక్కున తిప్పేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని నేను మొత్తుకునేది అందుకే.

ఆపరేషన్ మాటకొస్తే మా ఇద్దరి దారులూ వేరయ్యాయి. నాకు ముందు నుంచి మెడ కోసి, డిస్క్ తీసి, రెండు పూసలను కలిపేసే ఆపరేషన్ చెయ్యొచ్చన్నారు. 1950ల నుంచీ ఉన్న పద్ధతే, చేతి నొప్పికి బాగా పనిచేస్తుంది. కొన్నాళ్లు మింగడం కష్టం కావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. కలిపేసిన పూసల పక్కనున్న డిస్క్ తర్వాత ఇబ్బంది పెట్టే అవకాశం ఏటా సుమారు 2.9 శాతమని 1999లో ఒక పెద్ద పరిశీలన తేల్చింది. పూసలు కలపడం వల్ల అలా అవుతుందా, ఎలాగూ అరిగేదేనా అన్నదాని మీద సర్జన్లే వాదించుకుంటున్నారు. కండ బలానికి డాక్టర్లు వేసే మార్కుల్లో నా బలం అప్పటికి 5కు 4 దగ్గర నిలకడగా ఉంది, ఇంకా జారడంలేదు. జారితే వెంటనే కోద్దాం, జారకపోతే ఆగుదాం అన్నది మా డాక్టర్ షరతు. ప్రతిసారీ ఆయన చూసింది బలాన్నే. నొప్పి ఎంతని అడిగేవారు, రాసుకునేవారు, కానీ నిర్ణయం దానిమీద పెట్టలేదు. నొప్పి ముందు దిగింది. తిమ్మిరి తర్వాత సర్దుకుంది. బలం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, మెడ నుంచి మోచేతికి ఎంత దూరమో చూసుకోండి.

బాబాయికి ఆగే వీల్లేదన్నారు. ఇలాంటి ఒత్తిడి మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే ఆపరేషనే చెయ్యాలని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. స్వల్పంగా ఉంటేనే కనిపెట్టుకుని ఉండే వెసులుబాటు. మూడు మట్టాల్లో ఒత్తుకుంది కాబట్టి వెనక నుంచి తెరిచి, పూసల వెనక కమానులను తలుపు తీసినట్టు ఒకవైపు ఎత్తి కాలువను వెడల్పు చేశారు, జపాన్‌లో 1970లలో మొదలైన పద్ధతి అది. చుట్టాల్లో దాదాపు అందరూ వద్దన్నారు. నొప్పే లేనివాడికి మెడ కోయించడమేమిటన్నది వాళ్ల వాదన. నా చెయ్యి నొప్పికి మాత్రం వాళ్లే తక్షణం ఆపరేషన్ చేయించుకోమని తొందరపెట్టారు. ఇద్దరి విషయంలోనూ వాళ్ల కొలబద్ద నొప్పే, ఇద్దరి విషయంలోనూ అది తలకిందులుగా చూపించింది.

సర్జన్ ముందే ఒట్టి మాటలు లేకుండా చెప్పారు: మిగిలి ఉన్నదాన్ని కాపాడటానికే ఈ ఆపరేషన్, పోయినదాంట్లో ఎంత వెనక్కొస్తే అంత లాభం. బాబాయికి నడక చాలావరకు కుదుటపడింది. కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాడు, మూత్రం తొందర తగ్గింది. వేళ్ల చురుకు మాత్రం పూర్తిగా రాలేదు. ఒత్తిడిలో ఎక్కువకాలం ఉన్న వెన్నుపాము తక్కువ కోలుకుంటుందని, ఆ పట్టీలూ సూదుల కాలంలోనే వచ్చి ఉంటే వేళ్లు కూడా ఇంకొంత దక్కేవని ఆయన అన్నారు.